నెల రోజులు మందు మానాలంటే, ఆరింటికి గ్లాసులో ఏం పోస్తాం?



ఫిబ్రవరి 15 దగ్గరకొస్తోంది. ఏటా లాగే సేవాలాల్ మహారాజ్ జయంతికి తండాల్లో జెండా ఎగరేస్తాం, భోగ్ చేస్తాం, మత్తు జోలికి పోవద్దన్న బాపు మాట మైకులో చెప్తాం. పొద్దుగూకేసరికి ఆ మైకు కట్టిన అన్నే వైన్ షాపు దగ్గర కనపడతాడు. నవ్వుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ అన్న మన ఇంట్లోవాడే.

అందుకని ఈసారి మైకు మాటలు కొంచెం తగ్గించి ఒక పని మొదలుపెడదాం అనుకుంటున్నాం. జయంతి నుంచి నెల రోజులు మందు ముట్టకుండా ఉండటం. ఆ నెలంతా సాయంత్రం తాగడానికి ఇంట్లోనే ఏదో ఒకటి చేసి పెట్టడం. మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఈ రెండో సంగతి గురించే.

మనవాళ్లకి మానడం చేతకాదు అనే మాట అబద్ధం. అయ్యప్ప మాల వేసుకున్న మన బాబాయిలు 41 రోజులు చుక్క ముట్టరు. కొందరు సేవాలాల్ మాల వేస్తారు. చర్చికి పోయే ఇళ్లల్లో శ్రమదినాలు నలభై రోజులు నిష్ఠగా ఉంటారు. మరి మాల తీసిన మర్నాడే ఎందుకు మొదలవుతుంది? మాలలో ఉన్నప్పుడు సాయంత్రం ఖాళీ ఉండదు. స్నానం, పూజ, నలుగురు స్వాములు, తాగడానికి ఏదో ఒకటి, 'స్వామీ' అనే మర్యాద. మాల తీయగానే అవన్నీ పోతాయి. ఆరు గంటలు మాత్రం రోజూ అవుతుంది.

మిరపకోతల కాలంలో ఆ ఆరు గంటల సంగతి మనందరికీ తెలుసు. పగలంతా ఎండ, చేతులు మంట, గొంతులో ఘాటు, నడుము నొప్పి. "ఒక క్వార్టర్ పడితేగానీ నిద్ర పట్టదురా" అంటారు. అది నాటకం కాదు. కానీ ఆ ఒళ్లు ముందు అడిగేది నీళ్లు, ఉప్పు, కడుపులోకి ఇంత తిండి. మందు తాగితే మూత్రం ఎక్కువ పోయి ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. నోటిని మండించే కారం నీళ్లకి కరగదు. పాలల్లో, మజ్జిగలో ఉండే మాంసకృత్తులు ఆ కారాన్ని పట్టుకుని కడిగేస్తాయి. కోత నుంచి వచ్చినోళ్లకి మజ్జిగ ఇవ్వడం మన అవ్వలు ఊరికే నేర్చుకోలేదు.

మా ఇళ్లల్లో చేసి చూశాక అర్థమైంది ఒకటుంది: తాగే నోటికి తీపి పడదు. రస్నా కలిపి ఇస్తే "నేనేమన్నా చంటిపిల్లోణ్ణా" అంటారు. ఆ నోటికి పులుపు కావాలి, ఘాటు కావాలి, గొంతులో కొంచెం చురుక్కుమనాలి. మాకు కుదిరినవి ఇవి.

మజ్జిగ: గ్లాసు పెరుగుకి నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మకాయ పిండాలి. కుండలో పోస్తే చల్లగా ఉంటుంది.

రాగి అంబలి: రెండు చెంచాల పిండి చల్లటి నీళ్లల్లో కలిపి, మరిగే మూడు గ్లాసుల నీళ్లల్లో పోసి ఉండ కట్టకుండా ఉడికించాలి. ఆరాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు. సజ్జలతోనూ చేయొచ్చు. ఇది కడుపు నింపుతుంది. ఖాళీ కడుపే సగం మందిని షాపుకి నడిపిస్తుంది.

సబ్జా నిమ్మ: చెంచా సబ్జా గింజలు పావుగంట నానబెట్టి నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి వేయాలి. పైన గోలీసోడా పోస్తే గ్లాసు చేతిలో పట్టుకున్న తృప్తి కూడా ఉంటుంది.

శొంఠి ధనియాల కాఫీ: ధనియాలు వేయించి శొంఠితో పొడి కొట్టి, కొంచెం బెల్లం వేసి మరిగించాలి. రాత్రి ఒళ్లునొప్పులప్పుడు వెచ్చగా తాగడానికి బాగుంటుంది.

పక్కన గుగ్గిళ్లో, వేయించిన పల్లీలో పెట్టండి. నంచుకోవడం కూడా అలవాటులో భాగమే. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లం, పంచదార మానేసి మజ్జిగే ఇవ్వండి. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. రోజూ ఒకటి అంటే నెలకి దాదాపు మూడు వేలు. ఆ డబ్బు పెరుగుకి, నిమ్మకాయలకి పోగా ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇక బెల్లం గురించి. తండావాళ్లు నల్లబెల్లం బుట్ట కొంటే చాలు, సారా కాయడానికే అనుకుంటారు. పానకం కాచుకుంటాం అంటే నమ్మరు. మంగళగిరిలో పానకాల స్వామికి పోసేదీ బెల్లం నీళ్లే కదా. ఆ అనుమానం పోవాలంటే మన బెల్లం నిజంగా పానకంలోకి పోవాలి. కానీ జాగ్రత్త, పానకం ఏ పూటకి ఆ పూటే చేసుకోవాలి. నాలుగు రోజులు మూతపెట్టి ఉంచితే పులిసి అదే ఊట అవుతుంది.

ఇవన్నీ ఎవరు చేయాలి? ఇక్కడే మేం సిగ్గుపడ్డాం. మొదటి వారం మేం చెప్పడం, యాడి చేయడం. తనూ కోత నుంచే వచ్చింది, తన చేతులూ మండుతున్నాయి. నాన్న మానడానికి అమ్మ ఇంకో పొయ్యి వెలిగించాలా? కాబట్టి ఇది మగపిల్లల పని. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన రోజున అల్లం దంచేది, అంబలి కలిపేది, గ్లాసులు కడిగేది మనమే. కొడుకు చేసిచ్చిన గ్లాసుని తండ్రి అంత తేలిగ్గా పక్కన పెట్టడు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి పొద్దున్నే తాగేవాళ్లని ఒక్కసారిగా మాన్పించొద్దు. చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, లేనివి కనపడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. అలాంటివాళ్లని ముందే డాక్టరుకి చూపించాలి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. మాన్పించడానికి సలహా కావాలంటే 14446 ఉంది. 2020 జులై చివర్లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా వల్ల షాపులు మూసినప్పుడు శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. షాపు మూస్తే దాహం దానంతటదే తీరదని ఆ ఊరు చూపించింది.

"మజ్జిగ తాగితే వైన్ షాపు మూతపడిద్దా" అని అడిగే అన్నలున్నారు. పడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం వల్లే 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఏజెన్సీలో అయితే 1996 పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం గ్రామసభకి ఇచ్చింది. పల్నాడు తండాలు, మన యానాది, ఎరుకల కాలనీలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు కాబట్టి అది మనకి వర్తించదు. తండా పక్కన షాపు వద్దని అర్జీలు పెడుతూనే ఉందాం. కానీ ఆ కాగితం కదిలేలోపు ఎన్ని సాయంత్రాలు పోతాయి? మన చేతిలో ఉన్నది మన పొయ్యి, మన కుండ.

కాబట్టి ఫిబ్రవరి 15న ఒక్కొక్కరం మన ఇంట్లో ఒక్క మనిషితో మాట్లాడదాం. "మానెయ్" అనొద్దు. "ఈ నెల సాయంత్రం నాతో కూర్చో నాన్నా" అనండి. మధ్యలో ఒకరోజు తప్పినా తిట్టొద్దు, మర్నాడు మళ్లీ గ్లాసు చేతికివ్వండి. సుగాలీ, యానాది, ఎరుకల, చెంచు, ఎవరి ఇంట్లో ఏది కుదిరిందో నెలాఖరుకి ఒకరికొకరం చెప్పుకుందాం.

అల్లం ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.