ఫ్యామిలీ కోస్టర్‌ను చిన్నచూపు చూడకండి



సెలవులు ఇచ్చారంటే నస్పూర్, శ్రీరాంపూర్, మంచిర్యాల నుంచి ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ బయలుదేరతాయి. చుట్టాల ఇల్లు, చార్మినార్, జూపార్కు అయ్యాక పిల్లలు ముందునుంచీ పట్టుబట్టిన రావిర్యాల వండర్‌లా వంతు వస్తుంది. వెళ్లేముందు అందరం చేసే పని ఒకటే. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లను 'ఏ రైడ్ బాగుంది?' అని అడుగుతాం. వాళ్లు చెప్పే జవాబును ఎంతవరకు పట్టించుకోవాలో ఈ నెల మాట్లాడుకుందాం.

రోలర్ కోస్టర్లు ఎక్కడమే అభిరుచిగా పెట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలో 1978లోనే వారికి ఒక సంఘం ఏర్పడింది. ఏ పార్కులో కొత్త రైడ్ వచ్చినా ముందుగా ఎక్కి, ఎత్తెంత, వేగమెంత, ఎన్నిసార్లు తలకిందులు చేసింది, సీటు మీంచి ఎన్నిసార్లు గాల్లోకి లేపింది అని లెక్కలు తీస్తారు. ఆ లెక్కలతో చూస్తే పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కేందుకు కట్టిన ఫ్యామిలీ కోస్టర్‌కు ఎప్పుడూ తక్కువ మార్కులే వస్తాయి. చప్పగా ఉంది, ఎక్కేలోపే అయిపోయింది, చిన్నపిల్లల బండి అంటారు.

నా అభిప్రాయంలో ఆ తీర్పు వాళ్ల వరకు సరైనదే, మనకు మాత్రం పనికిరాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

హైదరాబాద్ వండర్‌లా 2016లో మొదలైంది. అక్కడ బాగా పేరున్న రైడ్ రికాయిల్. నెదర్లాండ్స్‌లోని వెకోమా సంస్థ తయారుచేసే బూమరాంగ్ నమూనా అది. రైలును ముందు వెనక్కి లాగి ఎత్తుకు తీసుకెళ్లి వదిలేస్తారు. అది స్టేషన్ గుండా దూసుకుపోయి, మూడుసార్లు తలకిందులై, అవతలి ఎత్తు ఎక్కుతుంది. తరువాత అదే దారిలో వెనక్కి జారుతూ మరో మూడుసార్లు తలకిందులు చేస్తుంది. ధైర్యమున్న కుర్రాళ్లకు అది పండగే.

అదే వెకోమా ఫ్యామిలీ బూమరాంగ్ అనే నమూనా కూడా తయారుచేస్తోంది. ముందుకు వెళ్లడం, అదే దారిలో వెనక్కి రావడం అలాగే ఉంటాయి. తలకిందులు చేయడం మాత్రం ఉండదు. అదే 2016లో ఇంగ్లండ్‌లోని పాల్టన్స్ పార్కు, జర్మనీలోని ఫాంటాసియాలాండ్ ఇలాంటి రైడ్లను పెట్టాయి. వెకోమాకు పెద్ద రైడ్ కట్టడం చేతకాక చిన్నది కట్టలేదు. ఎవరు ఎక్కాలన్నది ముందు నిర్ణయించి, దానికి తగ్గట్టు కట్టింది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఒకే రైలులో కూర్చొని ఒకేసారి కేక పెట్టాలన్నది ఆ రైడ్ ఉద్దేశం. దాన్ని తలకిందుల లెక్కతో కొలవడం, బడికి వెళ్లే పిల్లవాడి సైకిలును మోటార్‌సైకిల్ రేసు లెక్కలతో కొలిచినట్టే.

మన బొగ్గుబావుల ప్రాంతం వారికి ఇంకో సంగతి నచ్చుతుంది. రోలర్ కోస్టర్ వంశవృక్షంలో బొగ్గు రైలు ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1827లో గని నుంచి కిందికి బొగ్గు చేరవేయడానికి ఒక రైలుమార్గం వేశారు. నిండిన బండ్లు వాలులో వాటంతటవే జారి వచ్చేవి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగేవి. తరువాత కాలంలో ఆ దారిలో బొగ్గు ఆగిపోయి, సరదాగా జారడానికి వచ్చే జనమే మిగిలారు. మన దగ్గర బాయి పనికి వెళ్లినవారికి హాలేజీ తాడు టబ్బును పైకి లాగే తీరు తెలుసు. రోలర్ కోస్టర్‌లో ఆ పని గొలుసు చేస్తుంది. పైకెక్కేటప్పుడు వినిపించే కటకట శబ్దం బండి వెనక్కి జారకుండా పట్టే కొక్కేలది. గొలుసు వదిలాక నడిపించేది గురుత్వాకర్షణే. మొదటి గుట్ట తరువాత వచ్చే గుట్టలు దానికంటే తక్కువ ఎత్తులో ఎందుకుంటాయని మీ తొమ్మిదో తరగతి అమ్మాయిని అడిగి చూడండి. స్థితిశక్తి, గతిశక్తి, రాపిడి అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

ఆ బొగ్గు రైలు తరువాత 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన ఐదు సెంట్ల టికెట్‌తో ఒక రైడ్ పెట్టారు. దాని వేగం గంటకు పది కిలోమీటర్ల లోపే. అంటే మనం సైకిలు తొక్కేంత. అయినా జనం విరగబడ్డారు. అమెరికాలో వ్యాపారంగా గెలిచిన తొలి రోలర్ కోస్టర్ అదే. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అదొక ఫ్యామిలీ కోస్టర్!

ఇక అసలు విషయానికి వస్తాను. నస్పూర్ నుంచి రావిర్యాలకు రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రైలు ఖర్చు, క్యాబ్ ఖర్చు, ఇంటిల్లిపాదికీ టికెట్లు. అంత ఖర్చు పెట్టాక మన నోటి నుంచి ఒక మాట వచ్చేస్తుంది. "ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎట్లా? నీకంటే చిన్నోళ్లు ఎక్కుతున్నారు చూడు." ఆ మాటతో పిల్లల్లో ధైర్యం పెరగదు. భయాన్ని దాచుకోవడం మాత్రం నేర్చుకుంటారు. ఇవాళ రైడ్ దగ్గర భయం దాచినవాళ్లు రేపు లెక్కల పరీక్ష భయాన్నీ, బస్సులో ఎవరో ఏడిపిస్తున్న సంగతినీ మన దగ్గర దాస్తారు.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఎత్తు గీతకు రెండు వేళ్లు తక్కువైతే మడమలు ఎత్తి నిలబడమనడం, సిబ్బందిని బతిమాలడం. ఆ గీత పిల్లల్ని అవమానించడానికి గీసింది కాదు. అడ్డుకడ్డీ ఒంటికి సరిగా ఆనాలంటే శరీరం అంత ఎదిగి ఉండాలన్న లెక్కతో గీసింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక పార్కులో రోలర్ కోస్టర్ మీంచి పడి ఒక యువతి చనిపోయింది. పెద్దవాళ్లకే అలా జరిగినప్పుడు చిన్నపిల్లల విషయంలో బతిమాలి రాయితీ అడిగే ధైర్యం మనకెందుకు?

అలాగని అభిరుచి ఉన్నవాళ్ల మాటలన్నీ పక్కన పెట్టమనను. వాళ్ల దగ్గర మనకు ఉపయోగపడే జ్ఞానం చాలా ఉంది. వెనక సీట్లలో లాగుడు ఎక్కువని, ముందు సీటులో దారి కనిపించి లాగుడు తక్కువగా ఉంటుందని వాళ్లు అనుభవంతో చెబుతారు. మొదటిసారి ఎక్కే పిల్లలకు మధ్య వరుస మంచిది. ఇద్దరికీ కలిపి ఒకే అడ్డుకడ్డీ ఉంటే అది పెద్దవాళ్ల తొడల మీద ఆగి, పిల్లల దగ్గర ఖాళీ మిగులుతుంది. ఎవరి కడ్డీ వాళ్లకుంటే మేలు. కొత్త ఫ్యామిలీ కోస్టర్ గురించి ఎవరైనా చెబితే ఎత్తు, వేగం తరువాత అడగండి. ముందు కడ్డీ ఎలా ఉంది, కుదుపు ఎంత, పక్కన పెద్దవాళ్లు కూర్చోవచ్చా అని అడగండి.

బయలుదేరే ముందు ఇంట్లోనే పిల్లల ఎత్తు కొలిచి, పార్కు నియమాలతో సరిచూసుకోండి. నిరాశ అక్కడ క్యూలో ఎదురుకాకుండా ఇంట్లోనే తీరిపోతుంది. రైడ్ ఒక రౌండ్ తిరిగేదాకా పిల్లలతో కలిసి కింద నిలబడి చూడండి. ఎక్కుతావా అని ఒక్కసారే అడగండి. వద్దంటే ఆ మాటకు విలువివ్వండి. సరే అంటే మీరూ పక్కన కూర్చోండి. ఫోన్ పట్టుకొని కింద నిలబడొద్దు.

ఉపాధ్యాయ మిత్రులకూ ఒక విన్నపం. స్కూల్ టూర్ నుంచి తిరిగొచ్చే బస్సులో "ఎవరెవరు ఎక్కలేదు?" అని చేతులు ఎత్తించవద్దు. మార్కుల్లో, ర్యాంకుల్లో పిల్లల్ని వరుస పెట్టడం మనకు ఎలాగూ అలవాటే. ఆటలో కూడా ఆ వరుస ఎందుకు?

కొత్త రైడ్ బాగుందో లేదో చెప్పడానికి ఎత్తు, వేగం లెక్కలు మనకు అక్కర్లేదు. దిగగానే మీ అబ్బాయి చెయ్యి పట్టుకొని "డాడీ, ఇంకోసారి!" అన్నాడా, అది మంచి రైడే.