ఈమెయిల్ పెట్టెలో పేరూ, చిరునామా

రైళ్ళలో ఆర్.ఎం.ఎస్. అని వ్రాసి ఉండే ఎర్రని తపాలా పెట్టెను మా తరంవారు ఎరుగుదురు. రాత్రివేళ బండి కదులుతూ ఉండగానే సార్టర్లు గోడకు అమర్చిన గూళ్ళ ముందు నిలబడి ఉత్తరాలను వేరుచేసేవారు. వారి చూపు ఉత్తరం ఎవరికన్న దానిమీద కాక, ఎక్కడికన్న దానిమీద నిలిచేది. మన దేశంలో ఒకే పేరుగల ఊళ్ళు అసంఖ్యాకం. తెలుగునాట రామాపురాలు, కొత్తపల్లెలు ఎన్ని ఉన్నవో లెక్కించబోయినవాడు అలసిపోవును. పైగా ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఒకరు ఇంగ్లీషులో పై చిరునామా వ్రాస్తారు. ఈ చిక్కు తీర్చటానికే 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు అమలులోకి వచ్చింది. పేరు ఏ లిపిలో ఉన్నా, ఎలా వ్రాసినా, ఆరంకెలు సరిగా ఉంటే ఉత్తరం ఆ గూటికే చేరుతుంది.

ఆ సార్టర్లకు తెలిసిన చిన్న విషయాన్ని కంప్యూటరు ముందు కూర్చున్న మనం మరచిపోయామని నా అభియోగం. నన్ను నేను మినహాయించుకొనుట లేదు.

గత విద్యాసంవత్సరంలో ఉపకార వేతనాల దరఖాస్తులకు సంబంధించిన ఈమెయిళ్ళు చూచే బాధ్యత నామీద పడింది. గడువు ముగిసే ముందురోజు ఒక విద్యార్థిని వచ్చి, తన ఆదాయ ధ్రువపత్రం అందినదా అని అడిగింది. పెట్టెలో ఆమె పేరు కొట్టి వెదికాను. లేదు. 'షేక్' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాలలో నాకు తెలిసిన మూడు విధాలా కొట్టాను. అనేకమంది షేకులు కనిపించారు గాని ఆమె కనిపించలేదు. “రాలేదమ్మా, పంపి ఉంటే ఉండవలసిందే కదా!” అన్నాను. “పంపించాను సార్, మా అన్నయ్య ఫోన్ నుంచి పంపించాను” అని ఆమె నిలబడిపోయింది. ఆ మాట నేను నమ్మలేదని ఆమె ముఖం చూస్తే నాకే తెలిసింది. గడువు దాటితే ఇటువంటి సాకులు చెప్పేవారు ఏటా ఉంటారు. ఆమెనూ ఆ వరుసలోనే చేర్చాను.

మరునాడు ఉదయం ఆమె ఆ ఫోను తెచ్చి, పంపిన లేఖల జాబితా చూపింది. అందులోని చిరునామాను ఉన్నదున్నట్లుగా నా పెట్టెలోని వెదుకు గడిలో వేశాను. ఒకటి కాదు, మూడు ఉత్తరాలు బయటపడ్డాయి. మొదటిది అప్పటికి పందొమ్మిది రోజుల క్రిందటిది. అన్నగారికి ఫోన్లు బాగుచేసే దుకాణం ఉన్నది. ఆ ఖాతాకు దుకాణం పేరే పెట్టుకున్నాడు. పంపినవారి పేరుండే చోట ఆ దుకాణం పేరు చూచి, ఎవరో ప్రకటన పంపారనుకొని నేను తెరవకుండా వదలివేసిన ఉత్తరాలవి. ఆ రోజు సాయంకాలంలోగా దరఖాస్తు వెళ్ళిపోయింది. ఆమె నన్నేమీ అనలేదు.

ఇది నా అజాగ్రత్త మాత్రమేనా? కొంతవరకు అవును. అయితే ఈమెయిల్ నిర్మాణం తెలిస్తే, ఈ అజాగ్రత్త ఎంత సహజంగా జరుగునో బోధపడుతుంది. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపుతూ, మనిషి గుర్తుకూ యంత్రం గుర్తుకూ నడుమ '@' చిహ్నాన్ని నిలిపాడు. 1982లో ఆర్.ఎఫ్.సి. 822 అనే నిబంధనావళి లేఖాస్వరూపాన్ని ఖరారు చేసింది. దాని ప్రకారం 'నుండి' అన్న పంక్తిలో రెండు భాగాలు ఉండవచ్చు: ముందు పేరు, తరువాత కోణపు కుండలీకరణాలలో చిరునామా. చిరునామా ఉత్తరాన్ని నడిపిస్తుంది. పేరు కేవలం అలంకారం. పంపేవాడు తనకు తోచినది పెట్టుకోవచ్చు, అసలు పెట్టకపోవచ్చు. విచిత్రమేమంటే చాలా ప్రోగ్రాములు జాబితాలో మనకు ఆ అలంకారాన్నే చూపి, అసలైన చిరునామాను దాచివేస్తాయి. 'నుండి' అన్న వరుస శీర్షికను నొక్కితే ఉత్తరాలు పేర్ల అకారాదిక్రమంలో నిలుస్తాయి గాని, ఒక మనిషి ఉత్తరాలన్నీ ఒకచోటికి రావు. ఒకే వ్యక్తి ఇంటి కంప్యూటరు నుండి ఒక పేరుతో, ఫోను నుండి మరొక పేరుతో వ్రాస్తే రెండు చోట్ల తేలుతాడు.

మన కళాశాల వంటి చోట ఈ చిక్కు మరింత ముదురుతుంది. ముహమ్మద్ అన్న పేరు ఉర్దూలో నాలుగే అక్షరాలు: మీమ్, హే, మీమ్, దాల్. ఎవరు వ్రాసినా అంతే. అదే పేరు రోమను లిపిలోకి దిగగానే మొదటి అచ్చు ఒకచోట 'ఓ', మరొకచోట 'యు'. చివరి అచ్చు ఒకచోట 'ఎ', మరొకచోట 'ఇ'. కొందరికి మధ్య 'ఎం' ఒకటి, కొందరికి రెండు. ఆధార్ కార్డులో 'ఎం.డి.' అని రెండే అక్షరాలు, పదవ తరగతి పత్రంలో నాలుగు. సయ్యద్ సంగతీ ఇంతే. తెలుగువారు మాత్రం తక్కువ తిన్నారా? లక్ష్మి అన్న పేరులో 'క్ష'ను ఒకరు 'కె, ఎస్, హెచ్' అని మూడక్షరాలతోను, మరొకరు ఒక్క 'ఎక్స్'తోను వ్రాస్తారు. ఇంటిపేరు ముందు పెట్టటం మన ఆచారం. ఇంగ్లీషు నమూనా గడులలో అది వెనుకకు పోతుంది. కొందరు దానిని పొడి అక్షరంగా మిగుల్చుతారు. అకారాదిక్రమంలో ఇట్టివారిని వెదకటమంటే తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవానిని చొక్కా రంగునుబట్టి వెదకినట్లే.

దీనికి కొందరు పెద్దలు ఒక పరిష్కారం సూచిస్తారు: “మీ పేర్లు అందరూ ఒకే విధంగా వ్రాయండి, గొడవ తీరిపోతుంది” అని. ఈ సలహాను నేను అంగీకరించలేను. పేరు తల్లిదండ్రులు పెట్టినది. దాని వర్ణక్రమం ఏ గుమాస్తా ఏ రోజున ఏ పత్రంలో వ్రాశాడో దానినిబట్టి స్థిరపడినది. ఇప్పుడు మార్చుకోవాలంటే విద్యార్థి అఫిడవిట్లు పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరగాలి. పెట్టె సర్దేవాని సౌకర్యం కోసం ఉత్తరం వ్రాసేవాడు తన పేరు సవరించుకోవాలనటం న్యాయం కాదు. సర్దే పద్ధతినే మార్చుకోవచ్చు కదా! ఆ పని ఒక పూటలో అయిపోయేది.

జీమెయిల్ వెబ్ తెరపై పంపినవారి వరుసలో అమర్చే సదుపాయం లేదు, వెదకుటే మార్గం. వెదుకు గడిలో 'ఫ్రమ్' అని ఇంగ్లీషులో వ్రాసి, రెండు చుక్కలు పెట్టి, వెంటనే చిరునామా వేస్తే ఆ చిరునామా నుండి వచ్చినవన్నీ నిలుస్తాయి. 'టు' అని వేస్తే ఆ చిరునామాకు మనం పంపినవి వస్తాయి. '@' తరువాతి భాగం ఒక్కటే వేస్తే ఒక సంస్థ నుండి ఎవరు వ్రాసినా కనిపిస్తారు. విశ్వవిద్యాలయంలో అధికారి మారినా పాత ఉత్తరాలు చేజారవు. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి వాటిలోనూ చిరునామాను షరతుగా పెట్టి, వచ్చిన ఉత్తరాలు వాటంతట అవే తగిన ఫోల్డరులోకి పోయేటట్లు నియమం వ్రాయవచ్చు. మరొక సదుపాయం నాకు మిక్కిలి నచ్చినది. జీమెయిల్ చిరునామాలో '@'కు ముందు కూడిక గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం అదే పెట్టెకు వస్తుంది. ఉపకార వేతనాలకు ఒక మాట, హాస్టలుకు ఒక మాట చేర్చి విద్యార్థులకు ఇస్తే, వారు ఏ పేరుతో ఎవరి ఫోను నుండి వ్రాసినా 'కు' అన్న పంక్తినిబట్టి ఉత్తరాలు విడిపోతాయి. ఆర్.ఎం.ఎస్. గూళ్ళకు ఇంతకన్న దగ్గరి పోలిక లేదు.

చిరునామాను చూచే అలవాటు మోసం నుండి కూడా కొంత కాపాడుతుంది. ప్రిన్సిపాలుగారి పేరు పెట్టుకొని, అత్యవసరంగా డబ్బు కావాలని అధ్యాపకులకు వ్రాసే దొంగలున్నారు. పేరు అచ్చం ఆయనదే. కోణపు కుండలీకరణాలలో చూస్తే ఊరూ పేరూ లేని చిరునామా. అయితే చిరునామాను సైతం అనుకరించే జిత్తులు లేకపోలేదు గనుక ఒక్క అక్షరం తేడానైనా గమనించాలి.

మీర్జా గాలిబ్ తన పేరూ, ఢిల్లీ అన్న ఊరిపేరూ వ్రాస్తే చాలును, ఉత్తరం అందునని మిత్రులకు ధీమాగా చెప్పుకున్నాడు. అది ఆయనకు చెల్లింది. మన విద్యార్థులు అంతటి ప్రసిద్ధులు కారు. వారిలో అనేకులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, స్వంత ఈమెయిల్ చిరునామాయే లేదు. అన్నదో, మామదో, వీధి చివరి నెట్ సెంటరువానిదో వాడుకుంటారు. నెట్ సెంటరు మూతపడితే ఆ చిరునామాతోపాటు జవాబులూ పోతాయి. ప్రవేశపత్రంలో ఈమెయిల్ అన్న గడిని మనం ఇప్పటికీ నింపినా నింపకున్నా చెల్లేదిగానే చూస్తున్నాము. ప్రవేశాల వారంలో కంప్యూటరు ప్రయోగశాలను రెండు రోజులు తెరచి ఉంచి, ప్రతి విద్యార్థి చేతనూ స్వంత చిరునామా ఒకటి తెరిపించి, దానిని హాల్‌టికెట్టు సంఖ్య ప్రక్కనే రిజిస్టరులో వ్రాయించాలని అధ్యాపక మండలిని కోరుతున్నాను. ఆ రెండు రోజులూ అక్కడ కూర్చొనుటకు నేను సిద్ధం. పైన చెప్పిన విద్యార్థినికి ఇప్పుడు స్వంత చిరునామా ఉన్నది. అందులో తన పేరు ఎలా వ్రాసుకున్నదో నేను గుర్తుపెట్టుకోలేదు. ఆమె ఉత్తరం మాత్రం ఈసారి మొదటి వెదుకులాటలోనే దొరికింది.