అంకెలు లేని లెక్కలు

వైకింగులనగానే ఓడ, కత్తి, దోపిడి - ఇవి మాత్రమే చాలమందికి స్ఫురించును. వారి శాసనములలో అంకెలు కానరావని తెలిసినచో, 'లెక్కయే యెరుగని యనాగరికులు' అని తీర్పు చెప్పుటకు మనము వెనుదీయము. ఈ తీర్పు న్యాయమైనది కాదని నా యభిప్రాయము.

స్కాండినేవియా ప్రజల ప్రాచీన లిపికి రూనులని పేరు. తొలుత అందు 24 అక్షరములుండెను. వైకింగుల కాలము నాటికి అవి 16కు తగ్గినవి. కొయ్యపై కత్తితో చెక్కుటకు అనువుగా అవి నిలువు గీతలతోను, ఏటవాలు గీతలతోను ఏర్పడినవి. సంఖ్యలకు వేరు గుర్తులు అందు లేవు. సంఖ్యను మాటలలోనే వ్రాసిరి. స్వీడనులోని 11వ శతాబ్దపు శిల యొకటి, ఉల్ఫ్ అను యోధుడు ఇంగ్లండులో మూడు పర్యాయములు కప్పపు సొమ్ము పుచ్చుకొనెనని చెప్పి, దానిని పంచియిచ్చిన నాయకులను - తోస్తి, థోర్కెటిల్, క్నూట్ - వరుసగా పేర్కొనుచున్నది. ఆ 'మూడు' అంకె కాదు, మాట.

అంతమాత్రమున వారికి లెక్క రాదనవచ్చునా? స్వీడనులోనే రోక్ అనుచోట గల 9వ శతాబ్దపు శిలపై సుమారు 760 రూనులున్నవి. వానిలో కొంత భాగము గూఢలిపి. అక్షరమాలను మూడు వర్గములుగా విభజించి, ఎన్నవ వర్గము, అందు ఎన్నవ యక్షరము అను రెండు సంఖ్యలతో ఒక్కొక్క రూనును సూచించుట ఆ గూఢలిపిలో ఒక పద్ధతి. అక్షరమును సంఖ్యగా మార్చి, చదువరిచే మరల అక్షరముగా మార్పించిన వానికి లెక్క రాదనుట యెట్లు?

మరియొక విశేషము. వారి భాషలో 'నూరు' అను మాట తరచుగా 120ని తెలుపును. మన నూటితో వారి నూటిని కొలిచినచో పొరపాటు మనదే యగును.

వైకింగుల యుగము గడచిన పిదప, కొయ్య పంచాంగములపై 19 ఏండ్ల చాంద్ర చక్రమును గుర్తించవలసి వచ్చెను. 16 రూనులు చాలవు గనుక మరి మూడు గుర్తులను చేర్చుకొనిరి. అవసరము కలిగిననాడు అక్షరమే అంకెయైనది. శిలపై చనిపోయినవాని పేరు నిలుపగోరిన వానికి మాత్రము మాటయే చాలెను.

కనుక ఉపాధ్యాయులు ప్రాచీన జాతులను గూర్చి బోధించునప్పుడు, 'వారికి అంకెలున్నవా?' అను ప్రశ్నకు ముందు, 'వారు దేనిని లెక్కించిరి? దేనికొరకు వ్రాసిరి?' అను ప్రశ్నలను విద్యార్థులచే అడిగింపవలెను. గుర్తు లేకపోవుట వేరు, జ్ఞానము లేకపోవుట వేరు. ఈ భేదము నెరిగిన విద్యార్థి ఏ జాతినైనను తొందరపడి తూలనాడడు.