దస్తావేజు ఎవరి చేతిలో?

'దస్తావేజు' మనకు పారసీ భాషనుంచి వచ్చిన మాట. ఆ భాషలో 'దస్త్' అంటే చెయ్యి. మాటలో చెయ్యి ఉన్నది గాని, మనలో చాలామంది దస్తావేజులు మన చేతిలో ఉండవు. ప్లీడరుగారి బీరువాలో ఉంటాయి. "అంతా ఆయనే చూసుకుంటారండీ" అని మనం నిశ్చింతగా కాఫీ తాగుతాం.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడి తండ్రిగారు 2011లో నూటయాభై గజాల స్థలం కొన్నారు. సొమ్ము ముట్టింది. స్టాంపు కాగితాలమీద విక్రయ దస్తావేజు రాశారు. అమ్మినాయన సంతకం చేశాడు. రిజిస్ట్రేషను సంగతి తాను చూస్తానన్నారు ప్లీడరుగారు. చూడనే లేదు. కొన్నాయన, అమ్మినాయన, ప్లీడరుగారు ఒకరి వెనక ఒకరు దాటిపోయారు. తల్లిగారి వైద్యానికి ఆ స్థలం అమ్మబోతే, కొనవచ్చినవాడు "రిజిస్టరయిన కాగితం ఏదండీ?" అన్నాడు. "డబ్బిచ్చాం గదా, సంతకం ఉంది గదా!" అని ఆవిడ కంట తడి పెట్టుకున్నది.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ఆ కంటతడి చూడదు. నూరు రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కానిదే హక్కు మారదు. సంతకమైన నాలుగు నెలల్లోగా దస్తావేజు దాఖలు చెయ్యాలి. తప్పని కారణముంటే జరిమానాతో మరి నాలుగు నెలలు. ఆపైన పుచ్చుకోరు. పవరాఫ్ అటార్నీ ఉంటే చాలదా అంటారు కొందరు. దానితో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

మరి దారేమిటి? మొదట కాగితాలు. ప్లీడరు గతిస్తే, ఆయన వారసులనుంచో జూనియర్లనుంచో జాబితా రాసుకుని, రసీదిచ్చి మన కట్ట తెచ్చుకోవాలి. బతికున్న ప్లీడరు ఫీజు బాకీ అని కట్ట పట్టుకు కూర్చుంటే, ఆ హక్కు ఆయనకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చెయ్యవచ్చు. రెండోది, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించి, ఆ స్థలం మరొకరికి అమ్మారో, తనఖా పెట్టారో చూడాలి. మూడోది, అమ్మినవారి వారసులందరిచేత కొత్త దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించాలి. అందరూ అంటే కూతుళ్ళు కూడా సుమండీ!

వారు రామంటే కోర్టే గతి. ఒప్పందం అమలు జరిపించమని వేసే దావాలో రిజిస్టరు కాని దస్తావేజు కూడా సాక్ష్యానికి పనికివస్తుంది. కాని గడువు మూడేళ్ళు: ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీనుంచి, లేకపోతే అవతలివారు కాదన్న సంగతి మనకు తెలిసిన నాటినుంచి. అందుచేత వాళ్ళు మొహం చాటేసిన రోజునే మంచి ప్లీడరును చూసుకోవాలి.

మా మిత్రుడి విషయంలో అమ్మినాయనకు మిగిలిన వారసులు పిల్లలు ముగ్గురే. చిన్నవాడు ఇప్పటి ధరకూ అప్పటి ధరకూ తేడా ఇమ్మన్నాడు. పెద్ద కూతురు, "అది నాన్న సంతకమేరా. ఆ డబ్బుతోనే నా పెళ్ళి చేశాడు" అని తమ్ముళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చింది. స్టాంపు డ్యూటీ మాత్రం ఇప్పటి విలువమీద మళ్ళీ కట్టక తప్పలేదు.

అలాంటి ఆడపడుచు అందరికీ దొరకదు. ఈ ఆదివారం బీరువా తీసి, మీ కాగితాలమీద సబ్ రిజిస్ట్రారు ముద్ర, దస్తావేజు నంబరు, సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సోమవారమే బయలుదేరండి. దానికి పంచాంగం చూడనక్కరలేదు.