క్యారెట్ మడికి కాపలా

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి చలి. ఆ చలిగాలి మన పెరళ్లకూ కాస్త తగిలే కార్తీకంలో క్యారెట్ వేసేవాళ్ల కోసమే ఈ పెరటిసాగు సంచిక.

దుంప చీలిందా? మట్టిలో రాళ్లున్నాయేమో చూడండి. వేళ్లకు బుడిపెలు కూడా కనిపిస్తే నులిపురుగులే. విదేశీ పుస్తకాలు క్యారెట్ ఈగను తిడతాయి గానీ, మన దగ్గర ముందు అనుమానించాల్సింది వీటినే. ఆకుల మీద ఏం చల్లినా ఇవి లొంగవు. విత్తే ముందే మడిలో వేపపిండి కలపాలి. అంతకుముందు బంతి వేసి ఉంటే మరీ మంచిది, గుమ్మానికి దండలూ దక్కుతాయి!

పేనుబంక పడితే లీటరు నీళ్లలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లండి. అక్షింతల పురుగులు కనబడితే ఆ మందూ ఆపేయండి, పేనుబంకను అవే తినేస్తాయి.