నాయబ్ పదవి ఒక అమానత్

పాఠశాలలో ప్రిన్సిపాల్ ఎవరో అందరికీ తెలుసు. వైస్ ప్రిన్సిపాల్ చేసే పని మాత్రం చాలామంది కంట పడదు. మదర్సాలలో ఆయనను నాయబ్ ముహ్తమిమ్ అంటారు. సెలవు పెట్టిన ఉపాధ్యాయుని తరగతికి మరొకరిని పంపడం, హాజరు పట్టిక చూడడం, పరీక్షలు సక్రమంగా జరిపించడం, తల్లిదండ్రుల ఫిర్యాదులు వినడం, తప్పు చేసిన పిల్లలను విచారించడం సాధారణంగా ఆయన బాధ్యతలే.

నాయబ్ ఎలా ఉండాలో హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) జీవితం నేర్పుతుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తూర్ పర్వతానికి వెళుతూ, జాతిలో తన స్థానంలో ఉండి వారిని సంస్కరించమనీ, కల్లోలం రేపేవారి దారిన నడవవద్దనీ ఆయనకు అప్పగించారు. ఈ విషయం అల్ ఆరాఫ్ సూరా 142వ ఆయతులో ఉంది. అప్పగించిన పని ‘ఇస్లాహ్’, అంటే చక్కదిద్దడం.

వారానికి రెండు రోజులు బడికి రాని పిల్లవాణ్ణి వరండాలో నిలబెట్టడం తేలిక. వాడు ఆ రోజుల్లో తండ్రి పండ్ల బండి దగ్గర కూర్చుంటున్నాడేమో కనుక్కొని, ఆ తండ్రిని పిలిచి మాట్లాడడం ఇస్లాహ్. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2012 సవరణ మదర్సాలను ఆ చట్టం పరిధి నుండి తప్పించింది. కాని పదేళ్ళు తనకు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)ను దైవప్రవక్త (స) ఒక్కనాడూ విసుక్కోలేదని హదీసు తెలుపుతోంది. చట్టం వదిలినా సున్నత్ మనల్ని వదలదు. బెత్తం పట్టే ముందు నాయబ్ ఈ మాట గుర్తు తెచ్చుకోవాలి.

సామిరీ ఆవుదూడ విగ్రహంతో జాతిని దారి తప్పించినప్పుడు హారూన్ (అ) మౌనంగా ఉండలేదు, హెచ్చరించారు. జాతిని రెండుగా చీల్చావన్న మాట పడకూడదనీ జాగ్రత్తపడ్డారు. సోదరుడు ఆగ్రహంతో తిరిగివస్తే జరిగింది జరిగినట్లు చెప్పారు. పెద్ద లేని వేళ స్టాఫ్‌రూములో తనకొక వర్గాన్ని కట్టుకునే నాయబ్, తప్పు చూసి కూడా నోరు మెదపని నాయబ్ ఇద్దరూ ఈ పాఠం మరచినవారే.

తల్లిదండ్రులారా! ఫిర్యాదు ఉన్నప్పుడే ఆయన గది వెతుక్కుంటూ వెళ్ళకండి. బిడ్డను చేర్చిన నెలలోనే కలిసి, ఇంటి పరిస్థితి చెప్పండి. అది తెలిస్తేనే ఆయన చక్కదిద్దగలరు.

మన బిడ్డలకు హారూన్ (అ) బాటలో నడిచే సంరక్షకులను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.