ఆకాశ న్యాయము – ఓరుగల్లు సీమ

ఓరుగల్లు చెంతనున్న మామునూరు విమానాశ్రయమును పునరుద్ధరించుటకు 2025 ఫిబ్రవరి 28వ తేదీని కేంద్ర ప్రభుత్వము అనుమతి యొసంగినది. ఓరుగల్లుతోపాటు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ప్రజలకును ఇది సంతోషవార్తయే. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. ఈ యనుమతి యింత యాలస్యముగా నేల వచ్చినదో విచారించినచో మన మొక పాఠమును నేర్వవలసియున్నది.

నిజాము కాలమున 1930 ప్రాంతమున వెలసిన యీ విమానాశ్రయము 1981 వఱకు పనిచేసి, పిదప మూతపడెను. దానిని మరల తెఱువవలయునని ప్రజలు కోరినపుడెల్ల 2004నాటి యొక యొడంబడిక యడ్డు నిలిచెను. శంషాబాదు విమానాశ్రయ నిర్మాతలతో కుదిరిన యా యొడంబడిక ననుసరించి, దానికి 150 కిలోమీటర్లలోపల ఇరువదియైదేండ్లవఱకు మఱియొక విమానాశ్రయము తలయెత్తరాదు. మామునూరు విషయమున ఆ సంస్థ తన హక్కును వదలుకొనిన పిమ్మటనే దారి సుగమమైనది. నేల మనది, ఆకాశము మనది. తాళపుచెవి మాత్రము ఒప్పందములోని యొక వాక్యమున నుండెను. అట్టి వాక్యములు వ్రాయబడునపుడే చదివి, వాని ఫలితము నూహించి, ప్రశ్నింపగలవారు మనలో నెందఱు గలరు?

ఆకాశ మెవరిదను ప్రశ్నకు లోకమెల్ల 1944 డిసెంబరు 7వ తేదీని చికాగో నగరమున సమాధానము వ్రాసికొన్నది. ప్రతి రాజ్యమునకును తన భూభాగముపైనున్న యాకాశమున సంపూర్ణాధికారము గలదనుట యా ఒడంబడికయొక్క ప్రథమ ప్రకరణము. దాని ననుసరించియే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యేర్పడెను. భారతదేశము 1947లో ఆ యొడంబడికను ధ్రువపఱచెను. అయినను మరుసటి యేడే సిడ్నీ కాటన్ అను వైమానికుడు కరాచీనుండి హైదరాబాదు సంస్థానమునకు రహస్యముగా ఆయుధములను చేరవేయుచుండెను. పిదప బ్రిటిషు న్యాయస్థానము అతనికి విధించిన శిక్ష 200 పౌనుల జుల్మానా మాత్రమే! హక్కు కాగితముపై నుండుట వేఱు, దానిని నిలువబెట్టుకొను నేర్పుండుట వేఱు.

ఇది రాజ్యముల తగవు మాత్రమే, మనకేల యని తలపరాదు. మామునూరు విస్తరణకై 253 ఎకరముల భూమిని సేకరించుటకు రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలను మంజూరు చేసినది. భూమి నిచ్చు రైతునకు పరిహారము ముఖ్యమే. కాని భూమి నీయనివారికిని ఈ న్యాయముతో సంబంధ ముండును. విమానాశ్రయము చుట్టును 20 కిలోమీటర్ల దూరమువఱకు కట్టడముల యెత్తును నియంత్రించుటకు ప్రభుత్వమునకు అధికారము గలదు. పక్షులు గుమిగూడి విమానములకు ప్రమాదము తేకుండుటకై 10 కిలోమీటర్లలోపల చెత్త పోయుటను, పశువులను వధించుటను 1937నాటి నిబంధనలు నియంత్రించినవి. ఇవి ప్రాణరక్షణకై యేర్పడినవి. వానిని మేము కాదనము. అయితే గోడ లేచిన పిదప కూల్చుమనుటకంటె పునాదికి ముందే తెలియజెప్పుట ధర్మము.

బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములకు పోవు మన కూలివానికిని ఈ శాస్త్ర మండయే. 1999నాటి మాంట్రియల్ ఒడంబడికలో భారతదేశము 2009లో చేరెను. విమాన ప్రమాదమున ప్రయాణికుడు మరణించినచో, నిర్ణీత పరిమితివఱకు సంస్థ తన తప్పులేదని తప్పించుకొన వీలులేదు. అంతర్జాతీయ సంస్థ యా పరిమితిని 2024 డిసెంబరు 28 నుండి 1,51,880 ప్రత్యేక డ్రాయింగు హక్కులకు పెంచినది. సామాను చెడినచో 7 దినములలో, ఆలస్యముగా చేరినచో 21 దినములలో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. వ్యాజ్యమునకు గడువు 2 సంవత్సరములు. గడువు తెలియనివాని హక్కు గడువుతోడనే చచ్చును.

బ్రిటిషువారి 1934నాటి విమాన చట్టము తొలగి, 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోనికి వచ్చినది. పరాయి ప్రభుత్వపు చట్టము పోయినందుకు సంతసింతము. కాని పేరు దేశభాషలోనికి మాఱిన మాత్రమున చాలునా? అందలి విషయము మానుకోట రైతునకు, భూపాలపల్లి గనికార్మికునకు తెలుగున బోధపడకున్నచో ఆ మార్పు పేరునందే నిలిచిపోవును.

ఇట్టి విద్య పెద్దనగరముల న్యాయవాదులకే చాలునని కొందఱందురు. మా యభిప్రాయ మది కాదు. హైదరాబాదున నల్సారు విశ్వవిద్యాలయము విమాన న్యాయమును దూరవిద్యా పద్ధతిని బోధించుట కొనియాడదగినది. అచ్చట వాయు, అంతరిక్ష న్యాయములను బోధించిన ఆచార్య వి. బాలకిష్టారెడ్డిగారు 2024లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి యధ్యక్షులుగా నియుక్తులైరి. నగరమున వెలిగిన యా దీపము జిల్లాలకును వెలుగునీయవలదా? కాకతీయ విశ్వవిద్యాలయపు న్యాయ విద్యార్థులకు ఈ శాస్త్రమును పాఠ్యాంశముగా నేర్పఱుపవలెను. విమానాశ్రయ పరిసర గ్రామములలో నిబంధనలను తెలుగున ప్రకటింపవలెను. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ప్రయాణికుల హక్కులను ప్రజలకు తెలుపవలెను.

మామునూరున విమానము దిగుటకు ముందే ఈ పని మొదలు కావలెను. ఇరుగుపొరుగువారు రేపు తమ హక్కునకై పరులను దేబిరింపకుండవలెనన్నచో, ఆ న్యాయము తెలిసినవారు నేడే ఈ సీమనుండి బయలుదేరవలెను.